బోర్డు మీద బల్లి

కారు వెనక దీపం బిగించేటప్పుడు స్క్రూ పడే చోట రంగు గీకాలి. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకి, అప్పుడు బిగించాలి. ఆ రోజు నేను గీకలేదు. అది చిన్న తప్పే. తర్వాత తేడా వచ్చినప్పుడు దాన్ని తీసుకెళ్లి ఆ కారుకి రంగు వేసినాయన నెత్తిన పెట్టాను. అది పెద్ద తప్పు. ఈ రెండిటి గురించీ, వాటివల్ల నరసరావుపేటలో కొన్నాళ్లు నడిచిన తమాషా గురించీ రాస్తున్నాను. తమాషా అని ఎందుకంటున్నానంటే, ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముందు నవ్వొస్తుంది. సిగ్గు దాని వెనక వస్తుంది.

ఈ మధ్య మా మేనల్లుడు కొత్త కారులో మమ్మల్ని మాచర్ల తీసుకెళ్లాడు. సందులో కారు వెనక్కి తీస్తుంటే లోపల ఒకటే కీచుమని మోత. దిగి చూస్తే వెనక మనిషీ లేడు, గోడా లేదు. బంపరు మీద సెన్సారుకి బురద అంటుకుని ఉంటుంది, తుడవమన్నాను. తుడిచాక ఊరుకుంది. "నీ రోజుల్లో ఇయ్యన్నీ లేవుగా మావయ్యా, నీకెట్టా తెలుసు" అన్నాడు. సెన్సార్లు లేవు, నిజమే. లేనిదానికి అరిచే కార్లు మాత్రం అప్పుడూ ఉండేవి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నవ్వుకుంటారని, వీలైతే ఒక జాగ్రత్త కూడా నేర్చుకుంటారని ఇది చెబుతున్నాను.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. ఎనభైల్లో పల్నాడు రోడ్డు పక్కన నాకొక రేకుల షాపు ఉండేది. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, బ్యాటరీలు, వైరింగు నా పని. నా షాపుకీ పక్కనున్న పత్తి గోడౌనుకీ నడుమ ఉన్న ఖాళీ జాగాలో టార్పాలిన్ పట్టా కట్టుకుని ఒక పెయింటర్ సాహెబు పనిచేసేవాడు. కార్లకీ లారీలకీ రంగులు వేసేవాడు, శివరాత్రి ముందు ప్రభల మీద, అంటే ఊళ్లవాళ్లు కోటప్పకొండ తిరణాలకి కట్టుకొచ్చే ఎత్తైన వెదురు చట్రాల మీద, దేవుళ్ల బొమ్మలు గీసేవాడు. నాకంటే కాస్త పెద్ద. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన తమ్ముడూ అనేవాడు. అన్నం తినేటప్పుడు ఇద్దరి క్యారేజీలూ ఒకే బల్ల మీద విప్పేవాళ్లం.

ఆయన కష్టమంతా ఆ పట్టాతోనే. రోడ్డు మీద దుమ్ము లేవకముందే, తెల్లారీ తెల్లారకుండా స్ప్రే కొట్టుకోవాలి. గాలొస్తే పని ఆపాలి. వానాకాలం వస్తే పనే లేదు. పైన రేకులు, మూడు పక్కలా గోడలు ఉన్న షెడ్డు ఒకటి వేసుకోవాలని ఆయన కోరిక. దానికి దారి కూడా దొరికింది. మా ఇద్దరికీ పనిచ్చే పత్తి షావుకారుకి ఒక అంబాసిడర్ కారు, రెండు లారీలు ఉండేవి. "ముందు కారు చెయ్యి సాహెబూ. అది నచ్చితే లారీలు రెండూ నీకే" అన్నాడు షావుకారు. ఆ లారీల పని వస్తే వానలకి ముందే షెడ్డు లేస్తుంది. రాకపోతే ఇంకో ఏడాది పట్టా కిందే.

కారు పని అద్దంలా వచ్చింది. తెల్ల రంగు, దాని కింద ప్రైమరు, దాని కింద నున్నగా తీసిన లప్పం. చెయ్యి పెడితే జారేది. పెయింటర్ పని అయ్యాక దీపాలన్నీ మళ్లీ బిగించడం నా వంతు. దాంతోపాటు షావుకారు కొత్త ముచ్చట ఒకటి తెచ్చాడు. రివర్సు హారను. అప్పుడప్పుడే వస్తున్నాయి అవి. వెనక్కి పోయే గేరు వేస్తే దానంతటదే పిట్ట ఈల వేసినట్టు కూసేది. వెనకున్నవాళ్లు తప్పుకునేవాళ్లు. మా ఊళ్లో అలాంటి కారు వెనక్కి వస్తుంటే జనం తప్పుకోవడం మానేసి దగ్గరకొచ్చి వినేవాళ్లు, అది వేరే సంగతి.

దానికోసం వెనక రెండు పక్కలా, ఎర్ర బ్రేకు బల్బు ఉండే డబ్బాలోనే ఒక తెల్ల బల్బు కూడా పెట్టాను. గేరు వేస్తే తెల్ల బల్బులు వెలుగుతాయి, హారను కూస్తుంది. ఆ డబ్బాలకి ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే దారి, కారు బాడీయే. డబ్బాని బాడీకి బిగించే స్క్రూ ద్వారానే కరెంటు ఇంటికి పోవాలి. నడుమ రంగు ఉంటే పోలేదు. అందుకే గీకాలి.

ఆ రోజు ఒక ఊరి ప్రభ కమిటీ వాళ్లు ట్రాక్టరు వేసుకొచ్చి నా షాపు ముందు నిలబడ్డారు. కోటప్పకొండకి కట్టే ప్రభలకి సీరియల్ బల్బులు అల్లడం శివరాత్రి ముందు నాకు ఇంకో పని. వాళ్లు తొందర పెడుతున్నారు. నాకూ ఆ పని మీదే మనసు. ప్రభ మీద బొమ్మలు వెలిగి ఆరుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. కారు వెనక దీపాన్ని ఎవరు చూస్తారు?

సాహెబు చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ అన్నాడు, "తమ్ముడూ, స్క్రూ కింద రంగు గీక్కో. వెనకమాల ఒక కోటింగు ఎక్కువేసినా."

"నాకు తెలుసులే భాయ్" అన్నాను.

తెలుసు. తెలిసే వదిలేశాను. బల్బులు వెలిగాయి, హారను కూసింది. స్క్రూ మరలో ఎక్కడో కాస్త ఇనుము ఇనుముకి తగిలి పని నడిపించింది. నేను ట్రాక్టరు ఎక్కి పోయాను.

కొద్ది రోజులకి షావుకారు డ్రైవరు నా షాపుకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. నవ్వలేక కడుపు పట్టుకున్నాడు.

"ఏంది సంగతి" అన్నాను.

"అన్నా, మీరు పెట్టిన పిట్ట మా షావుకారు పరువు దీసింది. గురజాల కోర్టుకి పొయినాం. లాయరు గారింటికని డిక్కీలో బియ్యం బస్తా, మిరక్కాయల మూట ఏసుకున్నాం. కోర్టు ముందు జనం ఉన్నారని బ్రేకు గొట్టా. కారు ముందుకే పోతంది, వెనక కూతబడ్డది. అది గూడా సరైన కూత గాదు. నీరసంగా, త్చ్ త్చ్ అని. మా మీద పొలం దావా ఏసినాయన మా షావుకారుకి బావ వరస. మెట్ల మీద నిలబడి ఏమన్నాడనుకున్నారు. ఏంది బావా, కోర్టు మొగం జూడంగానే వెనక్కి పోతన్నావే అన్నాడు. ప్లీడర్లు గూడా నవ్వినారన్నా."

మా పల్నాడులో మనిషిని ఏమన్నా అనొచ్చు. వెనక్కి పోయాడని మాత్రం అనకూడదు. షావుకారు ఆ మాటకి ఆ రోజు అన్నం తినలేదట.

నేనూ పడిపడి నవ్వాను. నవ్వులో పడి, డ్రైవరు చెప్పినదాంట్లో నా పనికి కావలసిన మాట ఒకటి ఉంటే దాన్ని చెవిలోకి పోనివ్వలేదు.

మర్నాడు షావుకారే కారులో వచ్చాడు. నా పద్ధతి ప్రకారం ముందు డిక్కీలో సామానంతా దింపించాను. ఖాళీ చేస్తేనే గదా అందులోకి దూరి వైర్లు చూసేది. ఎక్కి, దిగి, గేరు వేసి, బ్రేకు తొక్కి అంతా చూశాను. కూత లేదు. ఎంత చూసినా లేదు. షావుకారు కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. ఏమీ దొరకలేదని చెప్పడం మా వృత్తిలో చానా కష్టమైన మాట. అప్పుడు డిక్కీ అడుగున పోయే వైరు మీద బటాణీ గింజంత లప్పం మరక కనిపించింది.

"దొరికింది బాబాయ్" అన్నాను. "పెయింటర్ లప్పం కత్తి వైరుకి తగిలింది. తోలు చీరింది. షార్టవతంది."

తోలు చీరలేదు. నేను ఆ వైరు తీసేసి కొత్తది వేశాను. తీసిన వైరు ఎవరికీ చూపించలేదు.

సాహెబు పట్టా కింద నుంచి విన్నాడు. తడి గుడ్డ చేత్తో పట్టుకుని వచ్చాడు. "నా కత్తి డిక్కీలోకి పోలా తమ్ముడూ. పేపర్లు అతికించి పని జేసినా. నువ్వు జూశావుగా."

నేను చూశాను. అయినా చేతిలో ఉన్న వైరుకి టేపు చుడుతూ కూర్చున్నాను.

"కోర్టు ముందు నా పరువు దీశారయ్యా మీరు" అన్నాడు షావుకారు ఆయన్ని చూసి. "లారీలు గుంటూరు పంపిస్తా. నువ్వు జెయ్యాల్సిన పనిలేదు."

సాహెబు గుడ్డ పిండి, తీగ మీద ఆరేసి, తన పనిలో పడ్డాడు. ఆ మధ్యాహ్నం ఆయన క్యారేజీ పట్టా కిందే విప్పుకున్నాడు. నా బల్ల మీద నేనొక్కణ్నే తిన్నాను. అప్పటికైనా లేచి వెళ్లి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అలా కాకుండా, టీకొట్టు దగ్గరా, స్పేర్ పార్టుల షాపులోనూ ఎవరన్నా ఆ కారు సంగతి ఎత్తితే నేనే ముందు అనేవాణ్ని, లప్పం కత్తి తగిలిందని. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించడం మొదలైంది.

కూత మాత్రం పోలేదు. షాపులో నోరు మూసుకునేది, రోడ్డెక్కితే మొదలెట్టేది. ఈసారి దానికొక అభిమాని కూడా దొరికింది. షావుకారు వాళ్లమ్మ. వయసు మళ్లిన మనిషి, కళ్లు కాస్త మసక, చెవులు మాత్రం పాము చెవులు. కారు వెనక సీట్లో కూర్చుని పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరిగేది. ఆమెకి ఆ త్చ్ త్చ్ అనేది కారులో చేరిన బల్లి. మనం ఏదన్నా అన్నప్పుడు బల్లి పలికితే ఆ మాట నిజమని, చిటికె వేసి సత్యం అనుకుంటారు గదా. డ్రైవరు వచ్చి చెప్పేవాడు.

"మొన్న సత్తెనపల్లి పొయ్యొస్తన్నాం అన్నా. ముసలమ్మ, ఆ పెళ్లికొడుకు తాగుతాడురా అన్నది. ఎదురుగా గేదొచ్చి బ్రేకు గొట్టా. త్చ్ త్చ్. సత్యం, సత్యం అని చిటికెలేసింది. ఇంటికి పొయి ఆ సంబంధం వద్దని కబురంపింది. వాళ్లు ఇంటి మీదికొచ్చారు."

"తాగుతాడా మరి?"

"తాగుతాడంట అన్నా. అదే తమాషా."

షావుకారు రెండోసారి వచ్చాడు. మళ్లీ డిక్కీ ఖాళీ చేయించాను, మళ్లీ కూత లేదు, మళ్లీ నేను ఏదో ఒకటి చెప్పాలి. "వాటర్ పేపరు పెట్టి లప్పం రుద్దేటప్పుడు పెయింటర్ పోసిన నీళ్లు హారన్లోకి దిగినయి బాబాయ్" అన్నాను. ఇంకో హారను వేశాను. ఈసారి సాహెబు పట్టా కింద నుంచి లేచి రాలేదు.

షావుకారు కారెక్కబోతూ ఆగాడు. "ఇదిగో అబ్బాయ్. శివరాత్రికి మా ఊరి ప్రభ కొండ కాడ నిలబడుద్ది. మా బావ వాళ్ల ప్రభ దాని పక్కనే. వాళ్లందరి ముందూ ఈ కారు కూసిందంటే నేను మొగం ఎత్తుకుని కొండెక్కలేను, కింద నుంచే ఇంటికి పోతా. నువ్వు మాతో కార్లో వస్తన్నావు. కూసిన చోట దిగి అక్కడే బాగుచెయ్యి."

శివరాత్రి పొద్దున కారు నా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు పక్కన షావుకారు, నడుమ ఇరుక్కుని నేను. వెనక ముసలమ్మ, ఆమె ఒళ్లో పూల బుట్ట, పక్కన సర్దిన అరటి గెలలు. డిక్కీలో పులిహోర గంగాళం, కొబ్బరికాయల గోతం. డిక్కీ మూత పడక తాడుతో కట్టారు.

ఆ రోజు కొండ దారి మీరు చూడాల్సింది. ఎడ్ల బళ్లు, ట్రాక్టర్లు, బస్సు టాపుల మీద జనం, చంకల్లో పిల్లలు, చెరుకు గడలు అమ్మేవాళ్లు. దూరంగా ఊళ్ల ప్రభలు పొలాల మీదుగా నడిచొస్తున్నట్టు కనిపిస్తాయి. నాకు ప్రభలు చూడగానే భయం మర్చిపోయి హుషారొచ్చింది.

"మన ప్రభే ఎత్తురా ఈసారి" అన్నది ముసలమ్మ వెనక నుంచి. ముందు ఎడ్ల బండి ఆగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. త్చ్ త్చ్.

"సత్యం" అన్నది ఆమె, చిటికె వేసి.

షావుకారు నా వంక చూశాడు. ఆ చూపుకి నేను తడుముకోకుండా అలవాటైన మాట అనేశాను. "ఇదంతా ఆ పెయింటర్ జేసిన పని నాయనమ్మా."

బండి కదిలి మళ్లీ ఆగింది. త్చ్ త్చ్.

"సత్యం, సత్యం" అన్నది ముసలమ్మ.

నా అబద్ధానికి నేను బిగించిన హారనే సాక్ష్యం పలికింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఇన్నాళ్లకి మొదటిసారి నేను కూత పుట్టే చోట కూర్చుని ఉన్నాను. చెవి పనిచేయడం మొదలుపెట్టింది.

"బ్రేకు వదులు" అన్నాను డ్రైవరుతో. కూత ఆగింది. "తొక్కు." త్చ్ త్చ్. "మళ్లీ వదులు. తొక్కు."

"నేను మొదటి రోజే జెప్పా గదన్నా, బ్రేకు గొడితే కూస్తందని" అన్నాడు డ్రైవరు.

చెప్పాడు. గురజాల కోర్టు కథలో చెప్పాడు. నేను నవ్వుకున్నాను తప్ప వినలేదు.

పక్కకి ఆపించి దిగాను. వెనక్కెళ్లి నిలబడి బ్రేకు తొక్కమన్నాను. కుడిపక్క ఎర్ర బల్బు బాగా వెలిగింది. ఎడమపక్క ఎర్ర బల్బు నీరసంగా వెలిగింది, వెలగకూడని తెల్ల బల్బు దాని పక్కన మిణుకుమంది. ఆ మిణుకు చూడగానే సంగతంతా తెలిసిపోయింది. ఎడమ డబ్బాకి ఎర్తు లేదు. బ్రేకు బల్బులోకొచ్చిన కరెంటుకి ఇంటికి పోయే దారి దొరక్క, తెల్ల బల్బులోంచి వెనక్కి మళ్లి, హారన్లో దూరి, ఆ దారిన పోతోంది. అంత తిరిగేసరికి దానికి ఓపిక లేదు. అందుకే పిట్ట బల్లి అయింది.

మరి షాపులో ఎందుకు కూయలేదు? తాడు విప్పి డిక్కీ మూత ఎత్తాను. కొబ్బరికాయల గోతం ఎడమ దీపం వెనక వైర్ల మీద ఒరిగి ఉంది. గోతం ఎత్తి పట్టుకుని, తొక్కమన్నాను. కూత లేదు. దించి, తొక్కమన్నాను. కూసింది. బరువు వైర్లని లాగితే డబ్బా కాస్త కదిలి, స్క్రూకి తగిలే ఆ కాస్త ఇనుమూ వదిలేస్తోంది. కోర్టు రోజున బియ్యం బస్తా. ఈ రోజు కొబ్బరికాయలు. నేను ప్రతిసారీ డిక్కీ ఖాళీ చేయించి, జబ్బుని నా చేత్తోనే బయట పెట్టి, ఆ తర్వాత లోపల వెతికాను.

స్క్రూ విప్పాను. కింద సాహెబు వేసిన తెల్ల రంగు గుండ్రంగా, గాజు గిన్నె అంచులా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. గీకమని ఆయన చెప్పిన చోటు, ఆయన రంగు వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

జనం మూగారు. చెరుకు నమిలేవాళ్లు కొందరు, ఇంకా ఏ ఊరివాళ్లో కొందరు. షావుకారు దిగొచ్చాడు. "దొరికిందా? ఏం జేశాడు ఈసారి పెయింటరు?"

ఇది రాసేటప్పుడు కూడా నిజమే రాయాలి. నాకు వెంటనే నిజం రాలేదు. జేబులో హ్యాక్సా బ్లేడు ముక్క ఉంది. గప్‌చుప్‌గా నాలుగు గీతలు గీకి బిగిస్తే అయిపోతుంది. కూత ఆగిపోతుంది, నేను గొప్పవాణ్నవుతాను, లారీలు గుంటూరు పోతాయి, సాహెబు పట్టా కిందే ఉంటాడు. "లూజ్ కాంటాక్టు బాబాయ్" అన్నాను. ఆ మాట వింటే ఎవరి తప్పూ కాదనిపిస్తుంది. అందుకే మా వాళ్లకి అదంటే అంత ఇష్టం.

వెనక సీట్లోంచి ముసలమ్మ తల బయట పెట్టింది. "సరిగ్గా జెప్పరా అబ్బాయ్. బల్లి వింటంది."

ఆమె తమాషాకే అన్నది. నేను మాత్రం జేబులో బ్లేడు మీదికి పోయిన చెయ్యి బయటికి తీశాను.

"నేను జేసిన తప్పు బాబాయ్" అన్నాను. "ఇక్కడ రంగు గీకి బిగించాలి. నేను గీకలా. గీకమని సాహెబు జెప్పాడు గూడా. కత్తి తగల్లేదు, నీళ్లు పోలేదు. అయ్యన్నీ నేను కల్పించా."

చెరుకు నమిలే ఆయన నమలడం ఆపాడు. షావుకారు వంగి ఆ స్క్రూ చోటు చూశాడు. తిడతాడనుకున్నాను. "గీకు" అన్నాడు.

గీకాను. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకి, బిగించాను. గోతం మళ్లీ వైర్ల మీదకే తోసి బ్రేకు తొక్కమన్నాను. రెండు ఎర్ర బల్బులూ సమానంగా వెలిగాయి. చప్పుడు లేదు.

"చంపావురా బల్లిని" అన్నది ముసలమ్మ దిగులుగా.

కారు కదిలాక నేనే అడిగాను. "మరి ఆ లారీలు బాబాయ్..."

"గుంటూరోళ్లకి చెప్పేశా. అన్నమాట వెనక్కి దీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు."

"ఏందిరా లేనిది" అన్నది వాళ్లమ్మ. "కారుకి వెనక్కి పొయ్యే గేరుంటే దానికో కూత గూడా పెట్టిచ్చుకుంటివి. నీకా గేరు లేకుండా కన్నానంట్రా నేను?"

డ్రైవరు నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాడు. షావుకారు కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కొండ కింద వాళ్ల ఊరి ప్రభ దగ్గర సాహెబు ఉన్నాడు. దారిలో కొమ్మలు గీసుకుని బొమ్మల మీద రంగు లేచిపోతుంది గదా, దాన్ని దిద్దడానికి ప్రతి ఏడూ డబ్బాలు కుంచెలు పట్టుకుని వస్తాడు. శివుడి మెడలో పాముకి పడగ దిద్దుతున్నాడు. నేను వెళ్లి నిలబడ్డాను. ఆయన తిరగలేదు.

"భాయ్, స్క్రూ కింద గీకలా నేను" అన్నాను. అక్కణ్నుంచి అంతా చెప్పాను. టీకొట్టు దగ్గర అన్న మాటలు కూడా. షావుకారు నాలుగడుగుల దూరంలో నిలబడి వింటున్నాడు.

సాహెబు పడగ పూర్తిచేశాడు. కుంచె గుడ్డకి తుడిచాడు. "ఇప్పుడు గీకావా?"

"గీకా."

"ఎంత గీకావు? స్క్రూ అంతేనా, చుట్టూ గూడానా?"

"చుట్టూ గూడా పోయింది భాయ్."

"తుప్పు పడుద్ది. చుట్టూ మళ్లీ రంగు పుయ్యాలి. రేపు కారు పంపిచ్చమను" అన్నాడు. కుంచె మళ్లీ డబ్బాలో ముంచుతూ, "నాకు కోపం రాలేదనుకోమాక తమ్ముడూ. చానా వచ్చింది. అన్నం ఒక్కణ్నే తింటుంటే ఇంకా వచ్చింది" అన్నాడు.

నేను అప్పుడు బల్లి సంగతి చెప్పాను. నా అబద్ధానికి అది సత్యం పలికిన సంగతి. ఆయన మొదట పెదవులు బిగబట్టాడు. తర్వాత రంగు డబ్బా కింద పెట్టేసి ప్రభ కొయ్య పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి కమిటీవాళ్లు పరిగెత్తుకొచ్చారు, ఏమైందోనని.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "సాహెబూ, ఆ గుంటూరోళ్లు ఇప్పట్లో రాలేమని కబురంపారు. వాళ్లకి పని ఎక్కువైందంట. లారీలు ఊరికే ఉన్నయి."

ఏ కబురూ రాలేదని అక్కడున్న అందరికీ తెలుసు. పొద్దున్నుంచీ నేను ఆయన పక్కనే ఉన్నాను. సాహెబుకీ తెలుసు.

"అట్నా అండీ. అయితే నేనే జేస్తాలెండి" అన్నాడు ఎంతో మర్యాదగా.

కారులోంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "బల్లి పొయ్యింది గాబట్టి సరిపోయిందిరా నీకు."

ఆ రోజు పులిహోర అందరం ఒకే విస్తట్లో తిన్నంత పని చేశాం. పక్కనున్న ప్రభ నుంచి షావుకారు బావ కూడా వచ్చి తిన్నాడు. కారు ఏది, కూయదే అని అడిగాడు. డ్రైవరు ఆయన కోసం గేరు వెనక్కి వేసి ఒకసారి కూయించాడు. పిట్ట నిండు గొంతుతో ఈల వేసింది.

నేను చేయాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఏ నోటితో అన్నానో ఆ నోటితోనే చెప్పాలి గదా. పండగ వెళ్లాక టీకొట్టుకీ, స్పేర్ పార్టుల షాపుకీ, లారీ ఆఫీసుకీ వెళ్లి, లప్పం కత్తి తగల్లేదు, తప్పు నాదని చెప్పొచ్చాను. టీకొట్టాయన వినలేదు. "పోనీలే, అయిపొయ్యిందిగా" అన్నాడు. నేను ఊరుకోకుండా మొత్తం చెప్పాను. చివర్లో బల్లి వచ్చేసరికి ఆయనే ఇంకో నలుగురిని పిలిచి మళ్లీ చెప్పించాడు. అలా ఆ కథ నా అబద్ధం కంటే దూరం పోయింది. వినుకొండ నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు కూడా నన్ను చూసి త్చ్ త్చ్ అనేవాళ్లు.

వానలకి ముందే షెడ్డు లేచింది. గుంటలు తవ్వాను, రేకులు ఎత్తాను, లోపల లైట్లు, స్ప్రే కంప్రెసరుకి మోటారు లైను నేనే లాగాను. ఎర్తు బిగించే చోట ఆయన నా పక్కన నిలబడి, "గీకావా" అని అడిగాడు. ఆ తర్వాత మేమిద్దరం పనిచేసిన ప్రతి బండికీ అడిగాడు. నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదని చెప్పను. ఒకటి రెండుసార్లు వచ్చింది.

షెడ్డు పని అయ్యాక ఆయన్ని ఒకటి అడిగాను. నా షాపు బోర్డు వెలిసిపోయింది, మళ్లీ రాయమన్నాను. ఏం రాస్తావో నీ ఇష్టం, నా తప్పు కూడా రాసినా సరే అన్నాను. ఆయన షాపు పేరు, పనుల పేర్లు చక్కగా రాసి, మూలన చిన్న బల్లిని గీశాడు. తోక కాస్త వంచి, నోరు తెరిచి.

"ఇదేంది భాయ్, జనం అడగరా" అన్నాను.

"అడుగుతారు. అడిగినప్పుడల్లా జెప్పు" అన్నాడు.

అదే నాకు ఆయన వేసిన శిక్ష. నేను పనిచేసిన కాలమంతా, బ్యాటరీ ఛార్జింగుకి వచ్చినవాళ్లు అడిగారు, కొత్తగా వచ్చిన లైన్‌మన్లు అడిగారు, బ్రేకు లైటు లేదని ఎవరికో కేసు రాయడానికి ఆగిన ట్రాఫిక్ కానిస్టేబుల్ అడిగాడు. అందరికీ చెప్పాను. ఎవరికీ కుదించి చెప్పలేదు.

షాపు మూసేసినప్పుడు బోర్డు ఇంటికి తెచ్చుకుని వరండా గోడకి కొట్టించాను. సాహెబు ఇప్పటికీ శుక్రవారం నమాజు నుంచి వస్తూ ఆగుతాడు, బోర్డు కింద కూర్చుని టీ తాగుతాడు. తోక దగ్గర రంగు లేచిందని కిందటి నెల కుంచె తెచ్చి దిద్దాడు. నిన్న గ్యాసు బండ దించినాయన నీళ్లు తాగుతూ పైకి చూసి, "బోర్డు మీద బల్లేంది పెదనాన్నా" అన్నాడు.

కూర్చోమన్నాను. స్క్రూ కింద రంగు గీకకపోవడం దగ్గర మొదలుపెట్టాను.